కాళ్ల దగ్గర ఆగిన బంతి

హమ్మయ్య, రైలు కదిలింది. ఇక ఎవరూ కిటికీలోంచి తల దూర్చి, అయ్యో ప్రాసర్, ఎంత పని జరిగిపోయింది అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపరు. మధ్యాహ్నం నుంచీ అందరూ నా చెయ్యే పట్టుకుంటున్నారు. పెళ్లిలో పెళ్లికొడుకు చెయ్యి కూడా ఇన్నిసార్లు పట్టుకుని ఉండరు. పట్టుకుని, తిప్పి చూసి, పాపం అన్నట్టు వదిలేస్తున్నారు. నిజమే, తప్పు చేసింది ఆ చెయ్యే, ఈ ఎడమ చెయ్యే. ఈ నెలరోజులూ కౌంటీకి, అంటే మా జిల్లా జట్టుకి, వికెట్లు తీసిందీ ఇదే, ఇవాళ ఆఖరి వికెట్ పోగొట్టిందీ ఇదే. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు నా తొడ మీద పడుకుని ఉంది, గోళ్ల కింద గడ్డి పచ్చ ఇంకా పోలేదు. కౌంటీ ఓడిపోయింది, నావల్లే ఓడిపోయింది. ఈ మాట లోపల ఒకసారి అనుకుని చూశాను, ఏడుపు వస్తుందేమోనని. రాలేదు. ఆకలి వేసింది. సంచిలో నా భార్య డోర్కస్ పొద్దున కట్టిచ్చిన రొట్టె, జున్నుముక్క సగం మిగిలి ఉన్నాయి, కానీ ఈ రైలుపెట్టెలో సంచి విప్పాలంటే ముందు ఎవరి మోకాలో ఎవరి మూటో పక్కకు జరపాలి. బీరులో చేదు కోసం వేసే హాప్ కాయల కోతలకు పట్నాల నుంచి జనం దిగే రోజులు కదా, ఆడవాళ్లు, పిల్లలు, కెటిళ్లు, దుప్పట్లు, ఒక పంజరంలో పిట్ట కూడా. ఎండ ఏటవాలుగా వచ్చి అందరి మొహాల మీదా ఒకే రంగు పూస్తోంది. బయట కోసేసిన గోధుమ చేలు, వాటి వెనక గుంజల మీద ఎగబాకిన హాప్ తీగలు, రేపో మాపో కోతకు వచ్చేట్టున్నాయి, ఆ చేదు వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది. ఈ వాసన తగిలితే చాలు, నాకు ఎక్కడున్నా ఇంటికి వచ్చేసినట్టే ఉంటుంది. సుఖంగా ఉంది. ఉండకూడదేమో, కానీ ఉంది.

ఎదురుగా కూర్చున్నావిడ నా సంచి వైపు చాలాసేపటి నుంచి చూస్తోంది. ఏటా వస్తుంది ఈవిడ, మా పక్క తోటకే, పేరు మిసెస్ టిబెట్స్, ఇనప గొలుసులు చేసే పట్నం ఆవిడది, చేతులు నా చేతులకంటే లావు. నన్ను గుర్తుపట్టలేదు. నా బట్టల మీద హాప్ దుమ్ము లేకపోతే నన్ను మా అమ్మ కూడా గుర్తుపట్టేది కాదు.

"ఏం బాబూ, ఆ పొడుగు సంచిలో ఏంటి, ఫిడేలా?"

"కాదండీ, బ్యాటు."

"ఓహో, ఆటగాడివా! అందుకే మొహం అలా వేలాడేసుకున్నావు. ఓడిపోయారా?"

"ఓడిపోయాం."

"పోన్లే, రేపు మళ్లీ పొద్దు పొడుస్తుంది. ఈ ఉల్లిపాయ తిను," అని వినెగర్ సీసాలోంచి వేలితో ఒక ఉల్లిపాయ తీసి ఇచ్చింది.

ఉల్లిపాయ కొరికితే గుర్తొచ్చింది, మా గదిలో భోజనం. మా గది అంటే జీతానికి ఆడేవాళ్ల గది, రోలర్ పెట్టే కొట్టానికి వెనక, అవిసె నూనె వాసన, బెంచీ కింద ఎవరిదో ఒంటి బూటు. మేమక్కడ రొట్టె, జున్ను, ఉల్లిపాయ తింటుంటే దొరలు మేడమీద చల్లారబెట్టిన మాంసం తింటూ ఉంటారు, వాళ్ల నవ్వులు పైకప్పులోంచి వినిపిస్తాయి. వాళ్లు సరదాకు ఆడతారు, మేం కూలికి ఆడతాం, బంతికి మాత్రం ఆ తేడా తెలియదు. గేట్లు కూడా రెండు. దొరలకు పెవిలియన్ నడిమధ్య తెల్లరంగు వేసిన పెద్ద గేటు, మాకు పక్కన కొట్టం దగ్గర చిన్నది. మొదటి రోజున నాకిది వింతగా అనిపించింది, మా ఊళ్లో అయితే భూస్వామి కొడుకైనా పందులు కాసేవాడైనా కంచెలో ఒకే సందులోంచి మైదానంలోకి దూరాలి. తర్వాత వింత పోయింది, నిజం చెప్పాలంటే చిన్న గేటే నాకు నచ్చింది, దాని పక్కన నీడ ఉంటుంది. అసలు నచ్చనిదేముంది అక్కడ? ఆ గడ్డి! మా ఊరి గడ్డి గొర్రెలు మేసిన గడ్డి, అదేమో దువ్వెనతో దువ్విన జుట్టు. మొదటి మ్యాచ్‌లో నా రెండో ఓవర్, పెద్ద మీసాల దొర ఒకడు, బంతి బయట పడింది, వాడు ఇది నాకెందుకులే అన్నట్టు బ్యాట్ ఎత్తేశాడు, అది లోపలికి తిరిగింది. టక్. అంతే. చిన్న చప్పుడు, గింజ రాలినట్టు. ఆ దొర వెనక్కి తిరిగి పడిపోయిన వికెట్‌ను చూసి, నన్ను చూసి, బాగుందయ్యా అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క చప్పుడు కోసం మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. ఇందులో అబద్ధమెందుకు, వెళ్లాలనే ఉంది. రెండో మ్యాచ్ అంతా వానే, పేకాడుకున్నాం, అదీ బాగానే ఉంది. మూడోది ఇవాళ్టితో అయిపోయింది.

గెలవడానికి నాలుగు పరుగులు కావాలి, మాకు మిగిలింది ఒక్క వికెట్, ఆ వికెట్ నేనే. అవతలి చివర మా కెప్టెన్ విన్‌స్లేడ్ దొర, మంచివాడు, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. నేను చిన్న గేటులోంచి వస్తుంటే ఎదురొచ్చి, "ప్రాసర్, నువ్వూరికే నిలబడు చాలు, కొట్టే పని నాకొదిలెయ్" అన్నాడు. నిలబడటం నాకు వచ్చిన పనే. మొదటి బంతిని ఆపాను. రెండోదాన్నీ ఆపాను. జనం చప్పుడు చెయ్యడం మానేశారు, మైదానం పక్క ఏటి మీద పడవవాళ్లు కూడా తెడ్లు ఎత్తి చూస్తున్నారట, తర్వాత ఎవరో చెప్పారు. మూడో బంతి బ్యాట్‌కు తగిలి నా కాళ్ల దగ్గర పడి, నిద్రొచ్చిన పిల్లిలా అక్కడే ఆగిపోయింది. అవతలి జట్టు కీపర్ ట్రిఫిట్ నా వెనక నుంచి ముందుకొచ్చాడు. ఏళ్ల తరబడి ఆడిన మనిషి, మీసం నెరిసింది. వంగబోతూ ఒక చెయ్యి మోకాలి మీద వేసి, చిన్నగా మూలిగాడు. అంతే జరిగింది. ఆ మూలుగు విన్నాను, ఆ చెయ్యి మోకాలి మీద పడటం చూశాను, నా ఎడమ చెయ్యి నన్నడక్కుండా కిందికి వెళ్లి బంతి తీసి అతని గ్లవ్‌లో పెట్టింది. గాలి బాగా వీస్తోందండీ అని కూడా అనబోయాను.

అవతలి జట్టువాళ్లు అనుమతించకుండా బ్యాట్ పట్టినవాడు బంతిని చేత్తో ముట్టుకుంటే ఔట్, వాళ్లు అడగాలి అంతే. చిన్నపిల్లలకు కూడా తెలిసిన రూలు, నాకూ తెలుసు. ట్రిఫిట్ అడిగాడు. "హౌజాట్!" అని అంత గట్టిగా అరిచి, అరిచాక తన నోరు తనే మూసుకున్నాడు, గ్లవ్‌తో. పాపం, నా చెయ్యి ఎలాంటిదో అతని నోరూ అలాంటిదే, ఎప్పట్నుంచో అరిచి అరిచి అలవాటైపోయిన నోరు. అంపైర్ మొహం చూడాలి, చావు కబురు చెప్పడానికి వచ్చినవాడిలా ఉంది. వేలెత్తాడు. అవతలి కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు, వెనక్కి పిలుద్దామనేనేమో, కానీ అప్పటికే నేను సగం దూరం నడిచేశాను. వేలు లేచాక నిలబడి వాదించడం మా దగ్గర తాగినవాడు కూడా చెయ్యడు. ఆ కంగారులో ఏ గేటు దగ్గరగా ఉంటే అందులోంచి బయటికొచ్చాను, చూస్తే అది తెల్లరంగు గేటు. కాపలా ముసలాయన నన్నాపలేదు, టోపీ తీశాడు. ఇంత చెత్తగా ఔటైనవాడు దొరే అయి ఉంటాడనుకున్నాడో ఏమో.

తలుచుకుంటే నవ్వొస్తోంది. మిసెస్ టిబెట్స్ చూస్తోంది, ఇంకో ఉల్లిపాయ ఇచ్చేట్టుంది. ట్రిఫిట్ ఆ తర్వాత మా గదికి వచ్చాడు, రెండు చేతుల్లో రెండు బీరు గ్లాసులతో, తలుపు కాలితో తోసుకుని. "తమ్ముడూ, నీ మొహం చూడలేకపోతున్నాను. నోరు జారింది. మా ఆవిడకి తెలిస్తే ఇవాళ నాకు అన్నం పెట్టదు" అన్నాడు. చెప్పకండి మరి అన్నాను. ఇద్దరం బెంచీ మీద కూర్చుని తాగాం. ఎందుకు తీసిచ్చావయ్యా అసలు, అని అడిగాడు. మీరు మూలిగారు కదా అన్నాను. అతను మోకాలు రుద్దుకుని, "నిజమే, మూలిగాను" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనే మనిషి కాదు, అందుకే నచ్చాడు. అప్పుడు వచ్చాడు విన్‌స్లేడ్ దొర, మా గదిలోకి దొర రావడం అదే మొదటిసారి, అందరూ లేచి నిలబడ్డారు, ఒకడి ఉల్లిపాయ కింద పడింది, ఈసారి నేను ముట్టుకోలేదు. "ప్రాసర్, ఎవరికైనా జరుగుతుంది. అంటే, ఎవరికీ జరగదు, కానీ సరే. నీ బంతి తిరుగుతుందయ్యా, అది దేవుడిచ్చింది. మే నెలలో రా, వేసవంతా ఆడుదువుగాని. కానీ ఆ పాడలవాటు వదిలించుకుని రా. మీ ఊళ్లో ఆడేటప్పుడు కూడా ముట్టుకోకు. అక్కడ మానుకుంటేనే ఇక్కడ పోతుంది. ఒట్టు వేస్తావా?" అన్నాడు. ఆలోచించి చెబుతానండీ దొరగారూ అన్నాను. దొర ఆశ్చర్యపోయాడు. వేసవంతా ఆడమంటే ఆలోచిస్తానన్న మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

దొర చెప్పింది న్యాయమే. చేతికి ఇది ఏ మైదానమో తెలియదు, ఒకచోట మంచిదీ ఒకచోట చెడ్డదీ అని దానికి చెప్పలేం. మానితే మొత్తం మానాలి. మానితే మా నాన్న ముందు కూడా మానాలి. అక్కడే ఉంది చిక్కంతా.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మా నాన్న ఎఫ్రయిమ్ ప్రాసర్ మొక్కగా ఉన్నప్పుడు బాగానే వంగేవాడు, చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి వికెట్ కీపర్ లేడనేవారు. నేను చిన్నవాణ్ణిగా ఉండగా హాప్ బస్తాల బండి వాలు మీద తిరగబడి ఆయన కుడి మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని మోకాలు తలుపు గడియలా బిగుసుకుపోయింది, ఇక వంగలేదు. ఆ తర్వాతి శనివారం కాకపోతే ఆ పై శనివారం, నాన్న కుంటుకుంటూ మైదానానికి వచ్చి, గ్లవ్స్ తొడుక్కుని, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. వద్దని ఎవరు చెప్పగలరు? బ్యాట్ పట్టింది మా ఊరి కమ్మరి. బంతి అతని కాళ్ల దగ్గర ఆగింది. నాన్న ఒక అడుగు వేసి, ఆ కాలు పక్కకు చాపి, చెయ్యి మోకాలి మీద వేసి, మూలిగాడు. కమ్మరి ఆకాశం వైపు చూశాడు, వంగి బంతి తీసి నాన్న గ్లవ్‌లో పెట్టి, "గాలి బాగా వీస్తోంది ఎఫ్రయిమ్" అన్నాడు. "ఊఁ, వానొచ్చేట్టుంది" అన్నాడు నాన్న. దాని గురించి మా ఊళ్లో జరిగిన మాటలు అవే, ముందు గాని వెనక గాని ఇంకొక్క మాట లేదు. ఆ రోజు నుంచి ఎవరు బ్యాట్ పట్టినా కాళ్ల దగ్గర ఆగిన బంతిని తీసి నాన్న చేతిలో పెట్టాల్సిందే. పొరుగూరి జట్లు వస్తే, మా అంపైర్ గిటిన్స్ వాళ్లను పక్కకు తీసుకెళ్లి చెవిలో ఏదో చెబుతాడు, వాళ్లూ తీసిస్తారు. గిటిన్స్ మా స్టేషన్ మాస్టరు కూడా, మాట బయటికి పోనివ్వడు, రైలు ఎందుకు ఆలస్యమైందో కూడా చెప్పడు. మీసాలొచ్చేదాకా నేను క్రికెట్ అంటేనే అంత అనుకున్నాను. బ్యాట్ పట్టడం, పరుగెత్తడం, బంతి తీసి కీపర్‌కు ఇవ్వడం. అందులో ఒకటి ఆట కాదని తెలిసేసరికి చెయ్యి నేర్చేసుకుంది.

నాన్నకు తెలియదు. తెలియకూడదు. ఆయన సంగతి నాకు తెలుసు, సాయం చేస్తున్నారని తెలిస్తే ఆ పనే మానేసే మనిషి. గుర్రం ఎక్కుతుంటే ఎవరో భుజం పట్టి పైకి లేపారని మర్నాడే గుర్రాన్ని అమ్మేశాడు. అమ్మ ఆయన బూటు తాడు కట్టిందని ఒక చలికాలమంతా తాడు లేని బూట్లతో తిరిగాడు. ఆయనకు మిగిలింది ఈ శనివారం ఆట ఒక్కటే. శుక్రవారం సాయంత్రం గ్లవ్స్‌కు నూనె రాస్తూ గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆయన మొహం చూడాలి, ఆ కాలు నేరుగా దారికి అడ్డంగా చాపుకుని ఉంటాడు, కోళ్లు దాని మీంచి దూకి వెళుతుంటాయి. నేను ఏ రూలు మీద ఔటయ్యానో విన్నాడంటే ఆయనకు అర్థమైపోతుంది, అంత తెలివితక్కువవాడు కాదు. గ్లవ్స్ మేకుకు తగిలించేస్తాడు. మళ్లీ తియ్యడు. అందుకే ఈ గంటలో ఒక అబద్ధం కట్టాలి. క్యాచ్ పట్టారు నాన్నా, అనొచ్చు. ఎవరు పట్టారంటే ట్రిఫిట్ అంటాను. గ్లవ్స్‌తోనే పట్టాడు కదా, సగం నిజమే.

"విన్నావా ఇది," అని మిసెస్ టిబెట్స్ మొగుడు అప్పుడే నిద్ర లేచాడు, మూటల మధ్య ఉన్నాడని నాకిప్పటిదాకా తెలియదు. "స్టేషన్ దగ్గర బీరుకొట్టులో అందరూ అదే చెప్పుకుంటున్నారు. ఈ కౌంటీవాడెవడో ప్రాసరట, ఇంకాసేపుంటే గెలిచేవాళ్లే, బంతి తీసి అవతలోడి చేతిలో పెట్టాడట. ఇంత వెర్రివెంగళప్ప ఎక్కడైనా ఉంటాడా?"

"ఎందుకిచ్చాడట?" అందావిడ.

"వెర్రివాడికి ఎందుకేంటి!"

"వెర్రి నీకే. కిందపడ్డది తీసి ఎదుటోడికివ్వడం తప్పా? నువ్వు పాతికేళ్ల కాపురంలో ఒక్కసారి నాకు చెంచా తీసిచ్చావా? ఆ ప్రాసరెవడో గాని వాడి పెళ్లాం అదృష్టవంతురాలు. ఏం బాబూ?"

"ఆవిణ్ణి అడగాలండీ," అన్నాను. పెట్టెంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ కబురు బీరుకొట్టు దాకా వచ్చిందంటే తంతి మీద నాకంటే ముందే మా ఊరికి వెళ్లి ఉంటుంది. తంతి తీసుకునేది గిటిన్స్. గిటిన్స్ చెప్పడు. చెప్పడులే. రైలు వంపు తిరుగుతోంది, అదిగో ఏరు, ఏటి అవతల మా మైదానం, గొర్రెలు నిలబడిన తీరు చూస్తే ఫీల్డింగ్ చేస్తున్నట్టే ఉన్నాయి. అదిగో హాప్ ఆరబెట్టే బట్టీ పైన ఆవిరి పోయే తెల్ల గూడు, వచ్చే వారం అక్కడే ఉంటాను, ఆరబోసిన హాప్‌ల పక్కన, నిప్పు చూసుకుంటూ. ఆ టక్ అనే చప్పుడు. మే నెల. దువ్విన గడ్డి. ఒక్క ఒట్టు వేస్తే చాలు. వేస్తే శనివారం బంతి నా కాళ్ల దగ్గర ఆగుతుంది, నేను నిలబడి చూస్తుంటాను, ఆయన మోకాలి మీద చెయ్యి వేస్తాడు. లేదు, ఇప్పుడు వద్దు, ముందు అబద్ధం సరిగ్గా చెప్పాలి. క్యాచ్ పట్టారు నాన్నా. క్యాచ్ పట్టారు.

రైలు ఆగింది. దిగాను. వెనకాలే మూటలు, పిల్లలు, పిట్ట పంజరం, మిసెస్ టిబెట్స్. గిటిన్స్ పచ్చజెండా పట్టుకుని నిలబడి, దాని మీద బైబిల్ అచ్చేసినట్టు దాన్నే చూస్తున్నాడు. అది చూడగానే తెలిసిపోయింది, చెప్పేశాడు. బెంచీ దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు, ఆదివారం టోపీ పెట్టుకుని, చేతికర్ర మీద వాలి.

"ఏరా, అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా. క్యాచ్..."

"చేత్తో ముట్టుకున్నావట."

ఊఁ అన్నాను.

"ఎందుకు ముట్టుకున్నావు?"

"మర్యాదకి."

"ఎవడి మర్యాదరా? నా మోకాలే కదా ఆ మర్యాద!" నాన్న కర్రతో ప్లాట్‌ఫారం ఇటుకల మీద ఒక పోటు పొడిచాడు. "ఏరా, ఊరందరూ కలిసి నన్ను గుడ్డోణ్ణి అనుకున్నారా? ఆ రోజు కమ్మరోడు గాలి గాలి అన్నాడు. ఆ రోజు ఆకు కదిల్తే ఒట్టు! నేనేమో వానొచ్చేట్టుందన్నాను. ఇంకేమనను?"

ఊరంతా ఆయనకు తెలియకూడదని దాచింది, ఆయనేమో తెలుసని మాకు తెలియకూడదని దాచాడు.

"మరి గుర్రాన్ని అమ్మేశావు కదా నాన్నా," అన్నాను.

"గుర్రం లేకపోతే నడుస్తాను. ఇది లేకపోతే నాకేముందిరా?" అని, వెంటనే కోపం తెచ్చుకున్నాడు. "అది సరే. ఆ దొర ఏమన్నాడు?"

"మే నెలలో రమ్మన్నాడు. అలవాటు మానుకుని రమ్మన్నాడు."

"మానుకో. వెళ్లి ఆడు. శనివారం నుంచి ఎవడూ నాకు బంతి తీసివ్వక్కర్లేదు. నేనే వంగుతాను. వంగలేననుకున్నావా? ఇదిగో చూడు. చెయ్యి జేబులో పెట్టుకుని చూడు."

కోటు జేబులోంచి మా ఊరి పాత బంతి తీసి ప్లాట్‌ఫారం మీద వదిలాడు. అది రెండు సార్లు ఎగిరి ఆయన బూటు దగ్గర ఆగింది. నా చేతులు రెండూ జేబుల్లో పెట్టి పిడికిళ్లు బిగించాను. నాన్న కుడికాలు పక్కకు చాపాడు, కర్ర మీద బరువు వేశాడు, వంగాడు. హాప్ జనం మూటలు దింపి చూస్తున్నారు. గిటిన్స్ జెండా చూడటం మానేశాడు. సగం వంగాడు. టోపీ జారింది, నెరిసిన జుట్టు కింద మెడ ఎర్రబడింది. ఇంకాస్త. వేళ్లకూ బంతికీ మధ్య జానెడు కూడా లేదు, అందుకుంటాడు, అందుకుంటే నేను మేలో వెళ్లొచ్చు, ఆయన గెలిచినట్టూ ఉంటుంది, నేనూ ఆడినట్టుంటుంది, అందుకో నాన్నా అని నిజంగానే కోరుకున్నాను. వేళ్లు ఇటుకకు తగిలాయి. కర్ర పట్టుకున్న చెయ్యి మోకాలి మీద వేశాడు. మూలిగాడు.

చూసేసరికి బంతి ఆయన అరచేతిలో ఉంది. నా ఎడమ చెయ్యి దాని మీద ఉంది. ఎప్పుడు జేబులోంచి వచ్చిందో నాకు తెలియదు, ఏసుక్రీస్తు మీద ఒట్టు.

నాన్న మెల్లగా నడుం ఎత్తాడు. బంతిని చూశాడు, నన్ను చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి, అవి నొప్పికో దేనికో. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చి, నేను చిన్నప్పటి నుంచి ప్రతి శనివారం వింటున్న గొంతుతో, ఏటి అవతల గొర్రెలు తలెత్తేలా అరిచాడు.

"హౌజాట్!"

గిటిన్స్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పచ్చజెండా చంకలో పెట్టుకుని, మీసం సర్దుకుని, వేలెత్తాడు. ఇంజన్ డ్రైవరు కూడా తల బయటపెట్టి చూశాడు. వెనక నుంచి మిసెస్ టిబెట్స్, "ఓరి నాయనో, ఆ ప్రాసరు నువ్వేనా!" అంది, ఆవిడ మొగుడు మూట వెనక దాక్కున్నాడు.

ఔటయ్యాను. నా కౌంటీ ఆట అక్కడితో అయిపోయింది, దొరకు ఆదివారం ఆ మాటే రాసి పంపించాలి. వేలు లేచాక నిలబడకూడదు కదా, సంచి భుజాన వేసుకుని నడిచాను. నాన్న జారిన టోపీ సర్దుకుని వచ్చి, నేనేమీ అనకుండానే, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గ్లవ్స్‌కి నూనె అయిపోయిందిరా. దారిలో కొనుక్కుపోదాం," అన్నాడు.

"గాలి బాగా వీస్తోంది నాన్నా," అన్నాను.

"ఊఁ, వానొచ్చేట్టుంది."

ఆకు కదలడం లేదు. మా స్టేషన్‌కు ఉన్నది ఒకటే గేటు, ఇద్దరం అందులోంచే బయటికి వచ్చాం.